సెకండ్ షిఫ్టు వారం



నా వెనక కట్టిన బ్యానరు మీద ఒక పేరుంది. పేరు కింద ‘కోల్ ఫిల్లర్’ అని రాసి ఉంది. ఇన్నేళ్ళుగా ఎన్నో స్మారకోపన్యాసాలు విన్నాను. పేరు కింద మహాకవి అనో, ఆచార్యులు అనో, స్వాతంత్ర్య సమరయోధులు అనో ఉండేది. టబ్బుల్లో బొగ్గు నింపిన మనిషి, జీతం పట్టీ మీద వేలిముద్ర వేసిన మనిషి పేరు మీద పుస్తకాలు చదవడం గురించి ఉపన్యాసం పెట్టడం చూడటం నాకిదే మొదలు. ఆయన పేరు మీద ఈ స్మారక నిధి పెట్టిన కూతురు నాకు ఫోన్ చేసినప్పుడు, ఏం మాట్లాడమంటావమ్మా అని అడిగాను. “మా బాపుకు నువ్వు సదివిపెట్టినవు గద అన్నా, గదే చెప్పు” అన్నది.

గదే చెప్తాను. ఆయన పేరు మీ కళ్ళెదుటే ఉంది. నేను మాత్రం ఆయన్ని ఎన్నడూ పేరుతో పిలవలేదు. కాకా అన్నాను. ఇవాళ కూడా కాక అనే అంటాను.

మన బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం 1920ల చివర్లో మొదలైంది. కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలు పట్టాలు పడిందీ ఆ కాలంలోనే. గని వచ్చాక పెరిగిన ఊరిది. కరీంనగర్ పల్లెల నుంచి, వరంగల్ నుంచి, నల్లగొండ నుంచి, ఉత్తరాది నుంచి కూడా మనుషులు వచ్చి చేరారు. వచ్చినవాళ్ళ వెనక ఊళ్ళలో ముసలి తల్లిదండ్రులు, పెండ్లికెదిగిన చెల్లెండ్లు, పాలోళ్ళతో పంచాయితీలో ఉన్న భూములు మిగిలాయి. ఆ సంగతులన్నీ 15 పైసల పోస్టుకార్డు మీద ఎక్కి మా లైన్లకు, అంటే కార్మికుల ఇళ్ళ వరుసలకు, వచ్చేవి. కార్డు వచ్చిందంటే చదివేవాళ్ళు కావాలి. మా వరుసలో ఆ పని నాది. పదకొండు పన్నెండేళ్ళ నుంచే చేశాను.

కార్డులు చదవడంలో నేను నేర్చుకున్న మొదటి సంగతి ఒకటుంది. ఒకసారి ఒకాయన కార్డు తెచ్చి ఇచ్చి, పక్కనే కూర్చుని చాయ తాగుతున్నాడు. నేను పై నుంచి గడగడా చదువుకుంటూ పోయాను. వానలు, బర్రె ఈనింది, చిన్నోనికి జ్వరం తగ్గింది, ఆ తరువాతి వాక్యంలో వాళ్ళమ్మ చావు. నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. ఆయన చేతిలో గ్లాసు అట్లనే ఉంది. ఆ రోజు తరువాత నేను ఏ కార్డూ చేతికి వచ్చిన వెంటనే పైకి చదవలేదు. గొంతు విప్పే ముందు కంటితో కార్డు చివరిదాకా ఒకసారి దిగి వచ్చేవాణ్ణి. లోపల్లోపల చదువుకోవడం అనేది నాకు బడి నేర్పలేదు. ఎదుటి మనిషికి దెబ్బ తగలకూడదన్న భయం నేర్పింది.

కాక శాంతిఖనిలో పని చేసేవాడు. ఫిల్లర్లకు అప్పుడు నింపిన టబ్బుల లెక్క మీద కూలి. షాట్లు పేల్చాక, పొగ తగ్గాక, పైకప్పు చూసుకుని, విరిగిపడ్డ బొగ్గును తట్టలకెత్తి టబ్బులో పోయాలి. కాక ఇంటికి వచ్చి నీళ్ళు పోసుకోక ముందే, పొయ్యి పక్క గోడ మీద బొగ్గుముక్కతో, ఆ రోజు ఎన్ని టబ్బులు నింపితే అన్ని గీతలు గీసేవాడు. జీతం నాడు నన్ను పిలిచి ఆ గీతలన్నీ లెక్కబెట్టించేవాడు. కాగితం మీది అంకెతో సరిపోయాక తడిగుడ్డ పెట్టి గోడ తుడిచేవాడు. తుడిచినా నల్లటి నీడ ఉండిపోయేది. నెలల మీద నెలలు పేరుకున్న లెక్కల నీడ అది. ఏళ్ళ తరబడి షాట్ల మోతకు ఆయన ఎడమ చెవి మందగించింది. ఏది చదివినా “గట్టిగ సదువు బిడ్డా” అనేవాడు.

1982లో నేను తొమ్మిదో తరగతి. అప్పటికి నాకు పుస్తకాలు తెలియవని కాదు. బజారులో అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. చందమామ, బాలమిత్ర, కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో, అన్నీ చదివాను. వాటిని తక్కువ చేసి మాట్లాడను. కన్ను పరుగెత్తడం వాటి దగ్గరే అలవాటైంది. కానీ వాటిని తిరిగిచ్చి వస్తుంటే దారిలోనే మరిచిపోయేవాణ్ణి.

ఆ ఏడు ల్యాంప్ రూమ్‌లో పనిచేసే ఒక యువకుడు కాకకు ఒక పుస్తకం ఇచ్చాడు. చదవడం రాని మనిషికి ఎందుకిచ్చాడో నేను అప్పుడు అడగలేదు. తరువాత తెలిసింది, కాకే అడిగాడట, “అందులేమున్నది, అంత మునిగి సదువుతున్నవు?” అని. ఆ పుస్తకం ‘ఏడు తరాలు’. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో అచ్చువేసిన ‘రూట్స్’కు సహవాసి గారి తెలుగు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు వేశారు. ఆరువందల పేజీలు దాటిన పుస్తకాన్ని ఆయన కుదించి, మన మాటలోకి తెచ్చారు. కాక ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, ఉత్తరం చదివిపెట్టమన్నంత మామూలుగా, “సదువు” అన్నాడు.

మొదటి షిఫ్టు వారం అది. పొద్దున ఏడింటికి దిగి మూడింటికి ఎక్కుతాడు. నేను బడి నుంచి వచ్చేసరికి స్నానం చేసి గడప దగ్గర కూర్చుని ఉండేవాడు. పక్కన చిన్నమ్మ. రెండో రోజుకు ఎదురింటి ఇద్దరు వచ్చి చేరారు. ఆఫ్రికాలో గాంబియా నది ఒడ్డున జుఫూరే అనే పల్లె. అక్కడ కుంటా కింటే అనే పిల్లవాడు. అమావాస్య దాటి కొత్త నెలవంక కనబడ్డప్పుడల్లా ఆ పల్లెవాళ్ళు ఒక బుర్రలో గులకరాయి వేస్తారు. వయసు లెక్క అదే. నేను ఆ చోటికి వచ్చి చదివేసరికి కాక చెయ్యి అడ్డం పెట్టాడు. లేచి లోపలికి పోయి, పొయ్యి పక్క గోడ చూసి వచ్చి కూర్చున్నాడు. “ఆళ్ళు మనసొంటోళ్ళే” అన్నాడు. ఆ పుస్తకం గురించి నేను తరువాత ఎన్నో వ్యాసాలు చదివాను. ఆ గడప దగ్గర విన్నంత సూటి విమర్శ మళ్ళీ వినలేదు.

శనివారం వచ్చేసరికి కుంటా పెద్దవాడయ్యాడు. డోలు చేసుకోవడానికి కట్టె కోసం అడవిలోకి పోయాడు. అక్కడ ఆపాం. ఆదివారం ప్లేడే, బాయికి సెలవు. కాక ఏదో పెండ్లికి పోయాడు. సోమవారం నుంచి సెకండ్ షిఫ్టు.

బొగ్గుబాయి ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఈ మాట విడమరచక్కర్లేదు. బయటినుంచి వచ్చినవారి కోసం చెప్తున్నాను. సెకండ్ షిఫ్టు అంటే మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు. నేను బడికి పోయేటప్పుడు కాక పండుకుని ఉంటాడు, నేను వచ్చేసరికి బాయిలో ఉంటాడు. వారం రోజులు మా ఇద్దరికీ మొఖాలు కనబడవు. పుస్తకం నా దగ్గర ఉంది. కుంటా అడవిలో ఉన్నాడు.

సోమవారం రాత్రి అన్నం తిన్నాక, ఒక్క పేజీ చూద్దామని తెరిచాను. కార్డు చదివే అలవాటే, ముందు కంటితో ఒకసారి దిగిరావడం. ఈ కార్డుకు అంచు లేదు. మా లైను చివర స్తంభానికి ఒక బల్బు ఉండేది. దాని కింద రాయి మీద కూర్చున్నాను. బానిసల వ్యాపారులు కుంటాను పట్టుకున్నారు. ఓడలో అడుగుభాగాన, చీకట్లో, గొలుసులతో పడేశారు. నాకు చీకటంటే బాయి. మా బాపు, కాక, మా లైన్లో మొగవాళ్ళందరూ తల మీద దీపం పెట్టుకుని దిగే చీకటి. ఆ దీపాన్ని పైకి ఎక్కగానే ల్యాంప్ రూమ్‌లో అప్పజెప్పి రావాలి. ఓడలో ఆ మనుషులకు ఆ దీపం కూడా లేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పేజీలోనూ లేదు. పేజీకీ నాకూ మధ్య ఎక్కడో అది పుట్టింది. అట్లా పుట్టడం నాకు ఎరుకలో అదే మొదటిసారి. నా చేతులు వణికాయి.

పదకొండు గంటల సైరన్ మోగింది. పుస్తకం చొక్కాలో పెట్టుకుని ఇంట్లోకి ఉరికాను. కాక ఆ తోవనే వస్తాడు. మంగళవారం మళ్ళీ ఆ రాయి మీదికే. బుధవారం కూడా. ఆ వారమంతా నాకు సైరన్ వరకే రాత్రి. శుక్రవారం పుస్తకం అయిపోయింది. అయిపోయాక ఆ స్తంభం కింద నుంచి లేవబుద్ధి కాలేదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పవలసిన మనిషి భూమి లోపల ఉన్నాడు.

పై సోమవారం కాకకు నైట్ షిఫ్టు. పగలంతా పండుకుని నాలుగింటికి లేచాడు. గడప దగ్గర అందరూ కూర్చున్నారు. ఆపిన చోట నుంచి ఎత్తుకున్నాను. కుంటా అడవిలో మంచి కట్టె కోసం వెతుకుతున్నాడు. నాలుగు వాక్యాలు చదివానో లేదో, కాక చెయ్యి ఎత్తాడు.

“ఆగు. నువ్వు ముందుగాల్నే సదివినవు.”

“లేదు కాకా.”

“ఆడు ఇంక కట్టె చూస్తనే ఉన్నడు. నీ గొంతుల ఆన్ని అప్పుడే పట్టుకున్నరు.”

నేను తల వంచుకున్నాను. మందగించిన చెవితో ఆ మనిషి ఏం విన్నాడో చూడండి.

“యాడిదాంక సదివినవు?”

“మొత్తం.”

“ఒక్కనివే?”

“ఊఁ.”

తిడతాడనుకున్నాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, “మంచిగున్నదా?” అన్నాడు. ఆ ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది. చిన్నమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. “సరే తియ్,” అన్నాడు కాక. “ఇగ సెకండ్ షిఫ్టు వారం నీది. నాకోసం మల్ల మొదలువెట్టు. ఏమైతదో తెలిసి సదివితె ఎట్లుంటదో నాకు చెప్పు.”

తెలిసి చదివితే ఎట్లా ఉంటుందో ఆ చలికాలమంతా తెలుసుకున్నాను. మొదటిసారి నేను దాటిపోయిన తండ్రి ఒమోరో మాటలు రెండోసారి గుండెకు తగిలాయి. పారిపోతున్న కుంటాను పట్టుకుని పాదం నరికే చోటికి వచ్చినప్పుడు చిన్నమ్మ ఇగ చాలన్నది. కాక కుడికాలి రెండు వేళ్ళు టబ్బు చక్రం కింద పోయాయి. ఆయన ఆ కాలు ముడుచుకుని, “సదువు, ఆపకు” అన్నాడు. ఆ పుస్తకాన్ని పూర్తి చెయ్యడానికి మాకు షిఫ్టుల లెక్కన నెలలు పట్టింది. నేను ఒంటరిగా ఐదు రాత్రుల్లో చదివిందే అది. ఏది చదవడం, ఏది చదవడం కాదు అని నన్ను ఎవరైనా అడిగితే రెండూ కావాలంటాను. కానీ నా విషయంలో ముందు వచ్చింది గడప. గడప దగ్గర ఎదురుచూసే మనుషులు లేకపోతే ఆ స్తంభం కిందికి నేను పోయేవాణ్ణి కాదు.

ఆ ఐదు రాత్రులు కూడా నిజానికి ఒంటరిగా చదవలేదని ఇప్పుడు అనిపిస్తుంది. పెదవి కదపకుండా చదువుతున్నా, ఒక్కో వాక్యం దగ్గర కాక ఊకొట్టడం లోపల వినబడేది. అరవైకి దగ్గరపడుతున్నాను, ఇప్పటికీ వినబడుతుంది. ఊ వినబడని పుస్తకాన్ని పక్కన పెట్టేస్తాను.

‘ఏడు తరాలు’ పుట్టుక సంగతి చాలా కాలం తరువాత తెలిసి ఆశ్చర్యపోయాను. హేలీ టెనెసీలో హెన్నింగ్ అనే చిన్న ఊళ్ళో, అమ్మమ్మ ఇంటి వసారాలో, ముసలమ్మలు చెప్పుకునే పూర్వీకుల ముచ్చట్లు వింటూ పెరిగాడు. 1939లో అమెరికా తీరరక్షక దళంలో వంటింటి పనివాడుగా చేరాడు. తోటి నావికులకు ప్రేమలేఖలు రాసిపెట్టేవాడు. రాత అక్కడ అబ్బింది. తరువాత గాంబియా పోయి, వంశాల చరిత్రను నోటికి చెప్పే కథకుడి దగ్గర కూర్చుని విన్నాడు. ఆ వంశవృక్షం నిలవదని చరిత్రకారులు కొందరు గట్టిగానే అన్నారు. ఆ మాటా మనం తెలుసుకోవాల్సిందే. కానీ ఆ పుస్తకం చెవిలో పుట్టింది, మా లైన్లో మళ్ళీ చెవిలోకే వచ్చింది. మన దిక్కు ఒగ్గుకథ వింటూ రాత్రులు తెల్లవార్చిన మనుషులకు అది పరాయిది అనిపించకపోవడంలో వింత లేదు.

వంటింటి మాట వచ్చింది కనుక వట్టికోట ఆళ్వారుస్వామిని తలుచుకోకుండా ముందుకు పోలేను. నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో పని చేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తెలుగు పుస్తకం కంటబడటమే కష్టమైన నిజాం రాజ్యంలో, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగారు. ఇందూరు జైలులో ఆయనతో పాటు ఖైదీగా ఉన్న కవి దాశరథి, పళ్ళు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. ఆ జైలు గోడ గురించి చదివిన రోజున నాకు పొయ్యి పక్క గోడ గుర్తొచ్చింది. కాక గీతలు పద్యాలు కావని నాకు తెలుసు. అయినా బొగ్గుతో గోడ మీద తన కష్టాన్ని రాసుకున్న మనుషుల వరుసలో ఆయన్ని కూడా నిలబెట్టుకుంటాను.

బొగ్గు ఊళ్ళకూ పుస్తకాలకూ ఉన్న చుట్టరికం మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లోని వేల్స్ గనుల దగ్గర కార్మికులు తమ కూలిలోంచి పెన్నీలు కోయించుకుని గ్రంథాలయాలు కట్టుకున్నారు. ట్రెడీగర్ అనే గని ఊళ్ళో అనైరిన్ బెవాన్ అనే పిల్లవాడు పద్నాలుగేళ్ళు నిండకముందే గనిలో దిగాడు. అతనికి నత్తి. నోట పలకని మాట ఎదురైతే దాని బదులు వేరే మాట కావాలి. ఆ మాటల కోసం కార్మికుల గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేశాడు. తరువాత ఆ గ్రంథాలయానికే పుస్తకాలు ఎంచే సంఘంలో పెద్ద అయ్యాడు. 1948లో ఆరోగ్య మంత్రిగా ఉండి, డబ్బులు అడగకుండా వైద్యం చేసే జాతీయ ఆరోగ్య వ్యవస్థను నిలబెట్టాడు. గని ఊళ్ళో కార్మికులు చందాలు వేసుకుని నడుపుకున్న వైద్య సహాయ సంఘమే దానికి నమూనా. క్యూబాలో చుట్టలు చుట్టే కార్మికులైతే 1865 నుంచే, చేతులు పనిలో ఉండగా చెవులకు పని పెట్టడానికి, తమ కూలిలోంచి జీతమిచ్చి ఒక చదివేవాణ్ణి పెట్టుకున్నారు. పొద్దున వార్తలు, తరువాత నవలలు. ‘మాంటెక్రిస్టో’ అనే చుట్టకు ఆ పేరు వాళ్ళు విన్న నవల నుంచే వచ్చింది.

ఇక మన ఊరి సంగతి. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఏరియా కార్యాలయం గోలేటికి పోయింది. తట్ట పట్టే ఫిల్లరు అనే మాట మీలో చిన్నవాళ్ళకు ఈ బ్యానరు మీదనే మొదట కనబడి ఉంటుంది. నిన్న ఇక్కడి గ్రంథాలయానికి పోయాను. కుర్చీ ఖాళీ లేదు. గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. వాళ్ళను ఒక్క మాట అనను. బాయి నౌకరీలు తగ్గిన ఊళ్ళో ఆ కుర్చీ వాళ్ళకు బతుకుదెరువు. నా బాధ వేరే. అందరూ చెవుల్లో దూది పెట్టినట్టు ఎవరికి వారే చదువుతున్నారు. నవలల బీరువాకు తాళం వేసి ఉంది. పద్నాలుగేళ్ళ పిల్లలు ఒక్కరూ లేరు. మన ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడతాం. ఆ పైసల్లో ఆ పిల్లల వాటా కూడా ఉంది.

మన లైన్లలో రిటైరైన ముసలివాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, శుక్లాలు వచ్చిన కళ్ళు. టీవీ మోగుతుంటుంది, వాళ్ళతో మాట్లాడేవాళ్ళు ఉండరు. ఈ నిధి వడ్డీతో వ్యాసరచన పోటీలు పెట్టి కప్పులు ఇవ్వాలని మొదట అనుకున్నారట. నా మనవి ఒక్కటే. ఆ డబ్బుతో తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలను ఇద్దరిని, ఏడాదికి ఇద్దరిని చాలు, చదివిపెట్టే పనికి పెట్టండి. సాయంత్రం గంటసేపు ఒక గడప దగ్గర కూర్చుని ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదవాలి. జీతమియ్యండి, ఎందుకంటే అది పని. వారంలో రెండు రోజులు సెలవు ఇవ్వండి, పుస్తకం మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచండి. ఆ రెండు రోజుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు.

కాక రిటైరై మంథని దిక్కు తన ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఉద్యోగాల మీద తిరుగుతూ మూడుసార్లే పోగలిగాను. మూడోసారి పోయినప్పుడు చూపు పూర్తిగా తగ్గింది. కూతురు వంట చేస్తూ చెప్పింది, ఆమె పదో తరగతి పిల్లగా ఉన్నప్పుడు కాక ఆ పుస్తకం సంపాదించి ఆమె చేత కూడా చదివించుకున్నాడని. నాకు ఆ సంగతి తెలియదు. “మధ్యల ఆపుమని నన్ను పొలం కాడికి పంపేటోడు,” అన్నది. “నేను ముందుగాల సదువుతున్ననని ఎరికే ఆయనకు.”

ఆ అమ్మ ముందు వరుసలో కూర్చుంది. నేను వస్తుంటే నా చేతిలో ఆ పుస్తకం పెట్టింది. అట్ట పోయింది, కుట్టు ఊడితే దారంతో కట్టారు. ఉపన్యాసం సగం గంట చాలు అన్నా, మిగతా సగం గంట మా బాపు లెక్క వినాలని ఉన్నది అన్నది. నాకు ఇచ్చిన గంటలో అర్ధగంట దాటింది. ఇప్పుడు మొదటి పేజీ తెరుస్తున్నాను. ఈ కాగితాలు పక్కన పెడుతున్నాను. ఆఖరి వరుసలో పెద్దమనుషులు కూర్చున్నారు, బాయిలో చెవులు పోగొట్టుకున్నవాళ్ళు. గట్టిగానే చదువుతాను.